బీజింగ్ గువోజిజియన్: ర్యాంకుల రాళ్లు చూసి వెనక్కి వచ్చేయకండి

బీజింగ్‌కి పిల్లల్ని తీసుకుని వచ్చే మనవాళ్లు ఎక్కువమంది గ్రేట్ వాల్, ఫర్బిడెన్ సిటీ చూసి సరిపెట్టుకుంటారు. ఇంకో పూట చేతిలో ఉంటే కన్‌ఫ్యూషియస్ గుడికి, దాన్ని ఆనుకునే ఉన్న గువోజిజియన్‌కి వెళ్లండి. గువోజిజియన్ అంటే రాజుల కాలంలో దేశం మొత్తానికీ పెద్ద చదువుల బడి. మేము ఇక్కడే ఉంటున్నాం కాబట్టి రెండుసార్లు వెళ్లాం, మొదటిసారి ఒక టూర్ ఏజెన్సీ గైడుతో, రెండోసారి మాకు తెలిసిన ఒక పెద్దావిడతో. చోటు అదే, టికెట్ అదే. మొదటిసారి బయటికి వచ్చాక మావాడు (పదేళ్లు, ఐదో క్లాసు) "అమ్మా, మన పేరు రాయి మీదకి ఎక్కకపోతే ఏమవుతుంది?" అని అడిగాడు. రెండోసారి "మళ్లీ ఎప్పుడు వద్దాం?" అన్నాడు. ఆ తేడా ఎక్కడ వచ్చిందో చెప్దామనే ఇది రాస్తున్నాను. చోటుకి ఐదుకి ఐదు, ఆ ఏజెన్సీ టూర్‌కి ఐదుకి రెండు. ఏజెన్సీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇలాంటి టూర్ ఎవరు చేయించినా ఇలాగే ఉండొచ్చు.

ముందు వివరాలు. సబ్‌వే 2 లేదా 5 లైనులో యోంగ్‌హెగోంగ్ స్టేషన్‌లో దిగితే నడిచిపోయే దూరం. గువోజిజియన్ వీధి అనే అడగండి, పాతకాలపు రంగు తోరణాలు, రెండు పక్కలా పెద్ద చెట్లు, ఎండాకాలం కూడా నీడగా ఉంటుంది. మేము వెళ్లినప్పుడు పెద్దలకి 30 యువాన్లు, గుడికీ బడికీ కలిపి ఒకటే టికెట్. సోమవారం మూసేస్తారు. పాస్‌పోర్టులు దగ్గర పెట్టుకోండి. తొందర లేకుండా చూడాలంటే మూడు గంటలైనా పడుతుంది.

గుడి 1302లో మొదలుపెట్టారు, బడి 1306లో, రెండూ మంగోలుల యువాన్ వంశం కాలంలో కట్టించినవే. ఎడమ గుడి, కుడి బడి అని చైనాలో ఒక పద్ధతి, ఇక్కడ అచ్చంగా అలాగే ఉంటుంది.

గుడి మొదటి ఆవరణలో అడుగు పెట్టగానే నిలువెత్తు కంటే పొడుగైన రాతి ఫలకాలు వరసగా కనిపిస్తాయి. మొత్తం 198. యువాన్, మింగ్, చింగ్ మూడు వంశాల కాలంలో రాజు సమక్షంలో జరిగే ఆఖరి పరీక్ష పాసైన వాళ్ల పేర్లు, ఊరు, వరస, అన్నీ చెక్కి ఉంటాయి. 51,624 పేర్లు. ఎంత కష్టపడి చదివి ఉంటారో అనిపించి ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది, నాకూ అలాగే అనిపించింది. ఆ పరీక్ష ఆఖరిసారి 1904లో జరిగింది, 1905లో పద్ధతినే ఎత్తేశారు. మా గైడు అరగంట పైగా ఇక్కడే నిలబెట్టాడు. ఫస్ట్ వచ్చిన వాడికి ఏం మర్యాదలు చేసేవారు, ఎంత పెద్ద ఉద్యోగం, ఊళ్లో ఎలా ఊరేగించేవారు, అన్నీ ఇవే కబుర్లు. తర్వాత పరీక్షలు బాగా రాయాలని కోరికలు రాసి కట్టే ఎర్ర చెక్కల దగ్గరికి తీసుకెళ్లి మావాడి చేత కూడా ఒకటి రాయించాడు. ఆ తర్వాత పరుగు. గుడికీ బడికీ మధ్య ఉన్న రాళ్ల వరసల్ని "ఇవి పాత పుస్తకాలు" అనేసి దాటించేశాడు. ఆ కుర్రాణ్ని అనడానికి లేదు, ఏజెన్సీ వాళ్లు ఇచ్చిన టైమ్ అంతే. కానీ ఆ రాత్రి మావాడు చాలాసేపు నిద్రపోలేదు. పైన చెప్పిన ప్రశ్న అడిగింది అప్పుడే. ర్యాంకుల టెన్షన్ మాకు కొత్త కాదు, హైదరాబాద్‌లో ఉన్నప్పుడు ఆరో క్లాసు నుంచే ఫౌండేషన్ కోర్సు అని ఫోన్లు వచ్చేవి. రెండువేల అయిదు వందల ఏళ్ల కిందటి గురువు గుడికి వెళ్లి కూడా అదే టెన్షన్ కొనుక్కొచ్చామే అని నాకు చాలా బాధేసింది.

ఈ మాట మా ఆయన ఆఫీసులో పనిచేసే చైనా అమ్మాయితో అంటే, వాళ్ల అమ్మగారు "అయితే మీరు సగమే చూశారు, వచ్చే ఆదివారం నాతో రండి" అని కబురు చేశారు. ఆవిడ ప్రాథమిక పాఠశాల టీచరుగా చేసి రిటైరయ్యారు. నేను ఆయీ అంటాను, అంటే పిన్నిగారూ అన్నట్టు. మావాడు నైనై అంటాడు, నానమ్మ. కూతురు మధ్యలో ఇంగ్లీషులో చెప్తూ వచ్చింది, కాబట్టి కింద రాసేదంతా అలా రెండు చేతులు మారి వచ్చింది, తర్వాత నేను ఇంగ్లీషు అనువాదాలు తెచ్చుకుని సరిచూసుకున్నాను.

ఆయీ పేర్ల రాళ్ల దగ్గర ఆగలేదు. నేరుగా ఆ మధ్య దారిలోకి, గైడు దాటించేసిన చోటికి తీసుకెళ్లారు. అక్కడ 189 రాళ్లు ఉన్నాయి, వాటి మీద కన్‌ఫ్యూషియస్ సంప్రదాయంలోని పదమూడు మూలగ్రంథాలూ పూర్తిగా చెక్కి ఉన్నాయి, దాదాపు 6,30,000 అక్షరాలు. ఇంతా జియాంగ్ హెంగ్ అనే ఒక్క మనిషి కుంచెతో రాసిందే, పన్నెండేళ్లు పట్టింది, తర్వాత చియాన్‌లోంగ్ చక్రవర్తి దాన్ని రాళ్ల మీద చెక్కించాడు. "పన్నెండేళ్లు, నీ వయసు కంటే ఎక్కువ" అని ఆయీ అనగానే మావాడు ఒక రాయి దగ్గరగా వెళ్లి, రెండు అక్షరాలు ఎక్కడైనా తేడాగా ఉన్నాయేమోనని ఒకే అక్షరాన్ని వెతుక్కుంటూ వరస వెంట నడిచాడు. వాణ్ని ఎవరూ పిలవలేదు, ఆయీ పిలవనివ్వలేదు.

ఆ పదమూడింటిలో ఒకటి లీజి, ఆచారాల గ్రంథం. అందులో ష్వేజి అని ఒక చిన్న అధ్యాయం ఉంది, చదువు గురించే ప్రత్యేకంగా రాసింది, రెండువేల ఏళ్ల పైమాటే. చైనాలో టీచరు ట్రైనింగ్ చేసిన వాళ్లకి ఇది బాగా తెలుసట. లీజి రాళ్లు దొరికాయి కానీ ఆ అధ్యాయం ఎక్కడుందో వెంటనే తేలలేదు, ఆయీకి మాత్రం నోటికి వచ్చు. అందులో మంచి గురువు ఎలా ఉంటాడో మూడు మాటల్లో ఉంది. ఆవిడ చెప్పలేదు, చేసి చూపించారు. మావాడి మణికట్టు పట్టుకుని నాలుగడుగులు లాక్కెళ్లారు. వాడు తూలాడు. వదిలేసి, తను ముందు నడిచి, కొంచెం దూరంలో ఆగి వెనక్కి చూశారు. వాడు వెంటనే వెళ్లాడు. దారి చూపు, ఈడ్చకు. అది మొదటిది. రెండోది, హుషారు ఇవ్వు, అణచకు. మూడోదానికి ఆవిడ గాల్లోనే ఒక తలుపు రెక్క కొంచెం తెరిచినట్టు చూపించి పక్కకి జరిగి నిలబడ్డారు. తలుపు తియ్యి, లోపలిదాకా నువ్వే మోసుకుపోకు. నేను ఇంట్లో హోంవర్కు చేయించేటప్పుడు మూడూ తలకిందులుగా చేస్తున్నానని అక్కడే నిలబడి అర్థమైంది. లెక్క వాడికి తెగకపోతే పెన్సిల్ లాక్కుని నేనే చేసేస్తాను.

అదే అధ్యాయంలో గంట మాట కూడా ఉంది. ప్రశ్నలకి జవాబు చెప్పడం గంట కొట్టినట్టు ఉండాలట, చిన్నగా కొడితే చిన్నగా మోగాలి, గట్టిగా కొడితే గట్టిగా. చిన్న పిల్లాడు వాన ఎందుకు పడుతుందమ్మా అని అడిగితే మనం ఒకోసారి విసుక్కుంటాం, ఒకోసారి సైన్సు పుస్తకం మొత్తం అప్పజెప్పేస్తాం, రెండూ కాదన్నమాట. ఇంకో మాట, సమయం దాటిపోయాక నేర్చుకోబోతే కష్టమే మిగులుతుంది, ఫలితం రావడం కష్టం అని. నేను మన "మొక్కై వంగనిది మానై వంగునా" చెప్పాను. ఆయీ రెండుసార్లు చెప్పించుకుని తన చిన్న నోటుబుక్కులో చైనీస్‌లో రాసుకున్నారు.

కన్‌ఫ్యూషియస్ (క్రీ.పూ. 551–479) గురించి ఆవిడ చెప్పిన కథల్లో మావాడికి బాగా నచ్చింది ఇది. జిలూ అనే శిష్యుడు వచ్చి, విన్న మంచిమాట వెంటనే ఆచరణలో పెట్టాలా అని అడిగితే, తండ్రీ అన్నలూ ఉన్నారు కదా, వాళ్లని అడక్కుండా ఎలా చేస్తావు అన్నాడట. రన్‌యూ అనే ఇంకో శిష్యుడు అదే ప్రశ్న అడిగితే, వెంటనే పెట్టు అన్నాడట. పక్కన ఉన్న మూడోవాడికి ఏమీ పాలుపోలేదు. ఒకే ప్రశ్నకి రెండు జవాబులేమిటని అడిగితే, రన్‌యూ వెనకడుగు వేసే రకం, అందుకే ముందుకి తోశాను, జిలూకి ఇద్దరికి సరిపడా దూకుడు ఉంది, అందుకే పట్టి ఆపాను అన్నాడు. ఒక క్లాసులో అరవైమందిని కూర్చోబెట్టి అందరికీ ఒకే షీటు ఇచ్చే చోట ఇది ఎలా కుదురుతుంది? కుదరదు. కానీ ఇంట్లో ఉన్నది ఇద్దరే, అక్కడైనా కుదరాలి కదా. మా ఇంట్లో పెద్దదానికీ మావాడికీ ఒకే తిట్టు, ఒకే మెచ్చుకోలు నడిచేవి, అది దూకేది, వీడు ముడుచుకునేవాడు.

ఇంకోటి మూలల సంగతి. నేను ఒక మూల చూపిస్తే మిగతా మూడు మూలలూ తను వెతుక్కుని రాని వాడికి పాఠం మళ్లీ చెప్పను అంటాడు కన్‌ఫ్యూషియస్. మొదట నాకు ఇది కటువుగా వినిపించింది. ఆయీ దాని ముందు మాట చెప్పాక సరిగ్గా తెలిసింది. తెలుసుకోవాలని లోపల తహతహ పుట్టేదాకా, చెప్పాలని నోరు తెరిచి మాట దొరక్క సతమతమయ్యేదాకా ఆగి, అప్పుడు అందిస్తానని ఆయన లెక్క. అంటే పిల్లలు కాసేపు తికమక పడటం చదువులో భాగమే. మనకి ఆ కాసేపు ఆగడమే రాదు.

ఇప్పుడు మెంగ్‌జి. ఇంగ్లీషు పుస్తకాల్లో మెన్షియస్ అంటారు, క్రీ.పూ. నాలుగో శతాబ్దం మనిషి. సోంగ్ రాజ్యంలో ఒక రైతు పైరు ఎదగడం లేదని దిగులుపడి, పొలంలోకి దిగి ఒక్కో మొక్కనీ కొంచెం కొంచెం పైకి లాగాడు. సాయంత్రం ఒళ్లు హూనమై ఇంటికొచ్చి, ఇవాళ పైరు ఎదగడానికి సాయం చేసి అలసిపోయాను అన్నాడు. కొడుకు పరిగెత్తుకుని వెళ్లి చూస్తే అంతా వాడిపోయి ఉంది. ఇది విని నాకు మా తాతగారి చేను కళ్లకి కట్టింది. నాట్లు వేసిన కొత్తలో మొక్క తలవాల్చి పసుపు రంగుకి తిరుగుతుంది, చిన్నప్పుడు నేను చచ్చిపోయిందనుకుని పీకబోతే తాతయ్య చెయ్యి పట్టుకుని "ఊరుకోవే, అది లోపల వేరు పట్టుకుంటోంది, వారం ఆగి చూడు" అన్నారు. వారం తర్వాత చేనంతా పచ్చగా నిలబడింది. బీజింగ్‌లో ఒక గుడి వెనక నిలబడి అది గుర్తొచ్చి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

నిజానికి మెంగ్‌జి ఈ కథ చెప్పింది పిల్లల చదువు గురించి కాదు, మనిషి లోపలి ధైర్యాన్ని, సత్తువని ఎలా పెంచుకోవాలో చెప్తూ వాడుకున్నాడు. కానీ చైనాలో ఇవాళ పిల్లల్ని తోసే తల్లిదండ్రుల గురించి మాట్లాడేటప్పుడు బా మియావ్ జు జాంగ్ అనే నాలుగక్షరాల మాట తరచూ వాడతారు, అర్థం అదే, మొక్కని లాగి పెంచడం. 2021లో ఇక్కడి ప్రభుత్వం స్కూలు సబ్జెక్టుల ట్యూషన్ కంపెనీలకి గట్టిగా కళ్లెం వేసింది, అంటే తోయడం ఇక్కడా తక్కువేమీ లేదు. ఒక విషయం మాత్రం వదిలేయకూడదు, చాలామంది ఈ కథని సగమే చెప్తారు. పీకేవాడు తప్పు చేస్తున్నాడు, సరే, లాభం లేదని కలుపు కూడా తీయకుండా వదిలేసేవాడూ తప్పు చేస్తున్నాడని మెంగ్‌జి అక్కడే అన్నాడు. ఫోను చేతికిచ్చి, వాడి ఇష్టం అని ఊరుకోవడం కలుపు తీయకపోవడమే.

మెంగ్‌జి దగ్గర నుంచి మేము ఇంటికి తెచ్చుకున్నది ఇంకొకటి ఉంది. పూర్వం పెద్దవాళ్లు తమ కొడుకులకి తాము పాఠం చెప్పేవారు కాదు, ఒకరి పిల్లల్ని ఒకరు మార్చుకుని చెప్పుకునేవారు అంటాడు. ఎందుకంటే చెప్పేవాడు తప్పు దిద్దాలి, దిద్దింది వినకపోతే కోపం వస్తుంది, కోపం వస్తే పిల్లాడు, నాకు చెప్తావు గానీ నువ్వు మాత్రం చేస్తున్నావా అనుకుంటాడు, అక్కడితో తండ్రీ కొడుకులు ఒకరి మనసు ఒకరు నొప్పించుకుంటారు. ఇంతకంటే సూటిగా మా ఇంటి సాయంత్రాల గురించి ఎవరూ రాయలేరు. కన్‌ఫ్యూషియస్ కొడుకు సంగతీ ఇలాంటిదే. నీకు మీ నాన్న ప్రత్యేకంగా ఏమైనా నేర్పాడా అని ఒకాయన అడిగితే, లేదు, వాకిట్లో అడ్డం వెళ్తుంటే పద్యాలు చదివావా అని ఒకసారి, మర్యాదలు నేర్చుకున్నావా అని ఒకసారి అడిగాడు, అంతే అన్నాడట. వెళ్లి చదువుకున్నాడు. రెండే ప్రశ్నలు.

ష్వేజీ, మెంగ్‌జి మాటల పుస్తకమూ అక్కడ రాళ్ల మీద ఉన్నాయి. కానీ షున్‌జి, జువాంగ్‌జి అనే ఇంకో ఇద్దరు పాతకాలపు చైనా తత్వవేత్తల పుస్తకాలు ఆ పదమూడింటిలో లేవు, ఇది వెళ్లే ముందు తెలుసుకోండి. వాళ్ల గురించి ఆయీ బయట పాత సరుగుడు లాంటి చెట్టు కింద (సైప్రస్ అంటారు) బల్ల మీద కూర్చోబెట్టి, ఫ్లాస్కులోంచి వేడి నీళ్లు పోసి ఇస్తూ చెప్పారు. అడ్డదిడ్డంగా పెరిగే కలుపు మొక్క కూడా జనపనార చేల మధ్య మొలిస్తే ఊతం లేకుండానే నిటారుగా పెరుగుతుంది అంటాడు షున్‌జి. సావాసం గురించి అన్నమాట. మెంగ్‌జి తల్లి శ్మశానం పక్కనుంచి సంత పక్కకి, సంత పక్కనుంచి బడి పక్కకి మూడిళ్లు మారిందన్న కథ కూడా దీని తోడుదే. ఆవిడ చూసుకున్నది పిల్లాడు చుట్టూ ఏం చూసి ఏం ఆట ఆడుకుంటున్నాడన్నది. మనమూ కాలేజీ దగ్గర ఇల్లు అద్దెకి తీసుకుంటాం, కానీ ఎక్కువగా బస్సు టైమ్ మిగులుతుందని.

జువాంగ్‌జి చెప్పిన పిట్ట కథ విని మావాడు నిశ్శబ్దమైపోయాడు. లూ రాజ్యంలో ఒక సముద్రపు పిట్ట వాలితే, రాజు దాన్ని గుడిలోకి తీసుకెళ్లి మద్యం పోయించాడు, మాంసం పెట్టించాడు, సంగీతం వాయింపించాడు. పిట్ట బెదిరిపోయి ఒక్క ముక్క ముట్టకుండా మూడు రోజుల్లో చచ్చిపోయింది. రాజు తనని తాను సాకినట్టు పిట్టని సాకాడు. వాడు కాసేపయ్యాక "దాన్ని చెరువు దగ్గర వదిలేస్తే సరిపోయేది కదా నైనై" అన్నాడు. ఆవిడ వాడి తల నిమిరి ఊరుకున్నారు.

నచ్చనివి కూడా చెప్పాలి, ఎందుకంటే ప్రాచీనం అంటే అన్నీ నెత్తిన పెట్టుకోవలసినవేం కాదు. దారి చూపు, ఈడ్చకు అన్న ఆ ష్వేజిలోనే, బడిలో క్రమశిక్షణ కోసం బెత్తాలు రెండు రకాలు ఉంచాలని కూడా ఉంది. ఆయీ దాన్ని దాచలేదు, ఆ రోజుల్లో అలా అనుకున్నారు, నేను మాత్రం ముప్పై ఏళ్లలో బెత్తం పట్టలేదు అన్నారు. ఇంకోటి, బోధనలో మనుషుల మధ్య ఎక్కువ తక్కువల తేడా లేదని కన్‌ఫ్యూషియస్ అన్నాడు, ఎంత గొప్ప మాట, కానీ ఆ 198 రాళ్ల మీద 51,624 పేర్లలో ఒక్క ఆడపేరు లేదు, ఆడవాళ్లని ఆ పరీక్షకి రానివ్వలేదు. మా పెద్దమ్మాయి ఈ మాట గట్టిగానే అడిగింది, ఆయీ గట్టిగానే అవును తప్పే అన్నారు.

బడి వైపు మధ్యలో బీయోంగ్ అనే మందిరం ఉంటుంది, గుండ్రటి నీళ్ల కొలను మధ్య నలుచదరపు కట్టడం, నాలుగు వంతెనలు, 1784లో చియాన్‌లోంగ్ కట్టించి మరుసటేడు స్వయంగా కూర్చుని ఉపన్యాసం ఇచ్చాడు. చాలా అందంగా ఉంది, ఫోటోలకి అందరూ ఇక్కడే చేరతారు. పది నిమిషాలు చాలు.

వెళ్లాలనుకునే వాళ్లకి నా సలహా, ముందు రాత్రి పైరు కథా పిట్ట కథా పిల్లలకి ఇంట్లో తెలుగులోనే చెప్పేయండి, అక్కడ రాళ్ల దగ్గర వాళ్లే అడుగుతారు. పేర్ల రాళ్లు ఆఖర్న చూపించండి. ఎర్ర చెక్క కొనేటట్టయితే ఏం రాయాలో వాళ్లకే వదిలేయండి.

మా సంగతి చెప్పాలంటే, ఆ ఆదివారం నుంచి పిల్లల్ని మార్చుకున్నాం. శనివారం పొద్దున ఆయీ మనవడు మా ఇంటికి ఇంగ్లీషుకీ లెక్కలకీ వస్తాడు, మావాడు వాళ్లింటికి చైనీస్‌కి వెళ్తాడు. ఆ పిల్లాడి దగ్గర నేను పెన్సిల్ లాక్కోను, ఎంతసేపైనా ఆగగలుగుతున్నాను. వచ్చే నెల నలుగురం పిల్లలతో మళ్లీ గువోజిజియన్ వెళ్తున్నాం. పిట్ట కథ వాళ్ల మనవడికి తనే చెప్తాడట మావాడు, చైనీస్‌లో. నాలుగు రోజులుగా మద్యాన్ని ఏమంటారో, చెరువుని ఏమంటారో ఆయీకి ఫోన్ చేసి కనుక్కుంటున్నాడు.